పుస్తకాల కోసం మొదలుపెట్టిన బ్లాగు పుస్తకాలనే మింగేస్తోంది

పుటమడత
ఆరేళ్ల క్రితం బ్లాగు మొదలుపెట్టినప్పుడు నాకున్న కారణం ఒక్కటే. చదివిన పుస్తకం గురించి మాట్లాడదామంటే ఇంట్లో వినేవాళ్లు లేరు. నెలకు రెండు మూడు పుస్తకాలు చదివేదాన్ని, అందులో ఒకదాని గురించి రాసేదాన్ని. ఎవరో ఒకరు వచ్చి "నేనూ చదివాను గానీ ఆ ముగింపు నాకు మింగుడుపడలేదు" అనేవారు. ఆ వారానికి ఆ సంతోషం చాలు.

ఇప్పుడు వారానికొక టపా అని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. టపాకు ఫొటో కావాలి. ఫొటో కోసం కెమెరా నేర్చుకున్నాను, అదొక కొత్త పిచ్చి అయింది. రెండేళ్లుగా క్రోషే అల్లిక కూడా తోడైంది. మొన్న ఒక నవల పట్టుకుంటే ఇరవయ్యో పేజీకే టపా మొదటి వాక్యం తట్టింది. ఇక అక్కడి నుంచి చదివిందంతా ఆ వాక్యానికి సాక్ష్యాలు ఏరుకోవడమే. నూట పదో పేజీ దగ్గర ఆగి చూసుకుంటే పెన్సిలు గీతలు పదిహేడున్నాయి. ఆ కథలో తల్లి ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందో మాత్రం గుర్తు లేదు.

ఈ ఏడాది ఇప్పటిదాకా పూర్తిచేసిన పుస్తకాలు నాలుగు. రాసిన టపాలు ఇరవై రెండు. ఇన్ని వ్యాపకాలున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? ఏదో ఒకటి వదలక తప్పదా?

నాలుగోవరస
నాలుగు పుస్తకాలకు ఇరవై రెండు టపాలా! మిగతా పద్దెనిమిదీ దేని గురించి? అడగకూడదంటే అడగను.

పుటమడత
అడగవచ్చు. "ఈ ఏడాది చదవాలనుకుంటున్నవి" మూడు భాగాలు. అలమర సర్దడం మీద రెండు. "ఎందుకు చదవలేకపోతున్నాను" అని మరో రెండు. మిగతావి పాత జ్ఞాపకాల మీద బండి లాగించినవి.

నాలుగోవరస
చదవలేకపోవడం గురించి రాసే సమయంలో చదివి ఉంటే అని ఎవరూ అనరు. నేనూ అనను.

లెక్కలపద్దు
బాధ పక్కన పెట్టి కాసేపు గడియారం చూద్దాం. ఆంగ్లంలో పెద్దవాళ్లు మౌనంగా చదివే వేగం మీద అప్పటిదాకా జరిగిన చాలా అధ్యయనాలను కలిపి 2019లో ఒక విశ్లేషణ వచ్చింది. నిమిషానికి సగటున కథా సాహిత్యమైతే 260 పదాలు, ఇతర రచనలైతే 238 అని తేలింది. ఆ లెక్కన 75 వేల పదాల నవలకు ఐదు గంటల లోపే. రోజుకు ఇరవై నిమిషాలు కూర్చుంటే పదిహేను రోజులకు ఒకటి, ఏడాదికి ఇరవై నాలుగు.

పుటమడత గారూ, ఒక టపాకు మీకు మొత్తం ఎంతసేపు పడుతుంది? దాచకుండా చెప్పండి.

చివరిపేజీ
ఆ లెక్క తెలుగుకు అతకదు మాస్టారూ. "వెళ్లవలసివచ్చినప్పటికీ" అన్నది మనకు ఒకే పదం. ఆంగ్లంలో దాన్ని అరడజను ముక్కలు చేసి రాస్తారు.

లెక్కలపద్దు
ఒప్పుకుంటాను. పేజీకి పదాలు తగ్గుతాయి, ఒక్కో పదం బరువు పెరుగుతుంది. గంటల్లో పెద్ద తేడా రాదని నా అంచనా. మీ దగ్గర వేరే అంచనా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పుటమడత
రాయడానికి మూడు గంటలు. దిద్దుకోవడానికి ఒక గంట. ఫొటోకు ఒక గంట (వెలుతురు కోసం పుస్తకాన్ని పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి తిరగడం ఇందులో కలిసింది). వ్యాఖ్యలకు జవాబులు రాయడానికి ఇంకో గంట.

లెక్కలపద్దు
వారానికి ఆరు గంటలు. అంటే వారానికొక నవల, పైన గంట మిగులు. దొంగ దొరికాడు. బ్లాగు ఆపేయండి.

నిశాచరి
ఆపినదాన్ని నేనున్నాను, నా మాట వినండి. మూడేళ్ల క్రితం సరిగ్గా ఈ లెక్కే వేసుకుని ఏడాదిపాటు రాయడం మానేశాను. మిగిలిన గంటలు పుస్తకాల దగ్గరకు వెళ్లాయనుకున్నారా? ఫోను దగ్గరకు వెళ్లాయి. అంతకుముందు టపా రాయాలన్న తొందరలో పుస్తకం పూర్తయ్యేది. ఆ తొందర పోయేసరికి ప్రతి పుస్తకమూ డెబ్బయ్యో పేజీ దగ్గర పడుకుంది. ఆ ఏడాది నేను పూర్తిచేసినవి రెండు, అందులో ఒకటి వ్యాకరణ పుస్తకం.

ఆరు గంటలంటే డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో పోసే బియ్యం కాదు లెక్కలపద్దు గారూ. రాత్రి పదింటికి రాయగలిగిన మనిషి అదే పదింటికి చదవగలగాలని ఏమీ లేదు.

లెక్కలపద్దు
వ్యాకరణ పుస్తకం పూర్తిచేసిన మనిషికి నేను ఎదురు చెప్పను.

పాతపెన్ను
నిశాచరితో ఏకీభవిస్తూ ఇంకొంచెం ముందుకు వెళ్తాను. రాయనివాడు చదివింది నీటి మీద రాత. నా అలమరలో నలభై ఏళ్ల పుస్తకాలున్నాయి. నోట్సు రాసుకున్నవి ఇవాళ్టికీ నాతో మాట్లాడతాయి. రాసుకోనివాటికి అట్ట రంగు తప్ప గుర్తు లేదు. ఒకసారి ఒక నవల ఎంతో ఇష్టంగా చదువుతుంటే నూరో పేజీ పక్కన "అద్భుతం" అని నా చేతిరాతే కనిపించింది.

మన అనుభవమే కాదు, పరీక్ష పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చారు. కొందరు వాటిని మళ్లీ చదివారు. మరికొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ మిగిలింది.

కాబట్టి అమ్మాయీ, బ్లాగు శత్రువు కాదు. నువ్వు రాసే పద్ధతి చూసుకో. పుస్తకం పక్కన పెట్టుకుని గీతలు చూసి రాస్తే అది ఎత్తిరాత. మూసి పక్క గదిలో పెట్టి రాయి. గుర్తొచ్చిందే నీది.

అట్టబొమ్మ
"పక్క గదిలో పెట్టి రాయి" అన్నది నాకు చాలా నచ్చింది. ఇప్పుడే వెళ్లి పెట్టి వచ్చాను. ఏమీ గుర్తు రావడం లేదు. మామూలేనా?

పాతపెన్ను
మామూలే. అలాగే కాసేపు కూర్చో బాబూ. పనంతా ఆ కాసేపట్లోనే ఉంది.

అపస్వరం
నేను వేరే వైపు నుంచి వస్తాను. నలభై దాటాక వయొలిన్ మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఎవరికీ వినిపించలేదు (పక్కింటివాళ్లు లెక్కలోకి రారు, వాళ్లకు వేరే దారి లేదు). రెండో ఏడాది ఒక మిత్రుడి మాట మీద ప్రతి ఆదివారం ఒక చిన్న వీడియో పెట్టడం మొదలుపెట్టాను. ఆరు నెలలకు గమనించిందేమిటంటే, వీడియోకు పనికొచ్చే రెండు నిమిషాల ముక్కలే సాధన చేస్తున్నాను. వంకర పోయే చోట్ల జోలికే వెళ్లడం లేదు. పుటమడత గారి పదిహేడు గీతలు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

1973లో ఒక ప్రయోగం జరిగింది. చేసినవాళ్లు లెప్పర్, గ్రీన్, నిస్బెట్. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న చిన్నపిల్లలను తీసుకుని కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తాం" అని ముందుగా చెప్పారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక రంగు పెన్నులు మామూలుగా ఆటవస్తువుల మధ్య పెట్టి దూరం నుంచి చూశారు. ముందుగా మాట తీసుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటి దగ్గర గడిపారు. ఊహించకుండా ప్రశంసాపత్రం అందుకున్నవాళ్ల ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు.

అంటే చెడగొట్టింది బహుమతి కాదు. దాని కోసం వేయడం.

నాలుగోవరస
పుటమడత గారికి ఎవరూ రిబ్బను కట్టలేదు కదా.

అపస్వరం
టపా పెట్టిన గంటకు ఎంతమంది చూశారో ఆవిడ చూసుకోదని మీరు పందెం కాస్తారా?

పుటమడత
కాయకండి, ఓడిపోతారు. గంట కాదు, పదిహేను నిమిషాలకే చూస్తాను.

కొక్కెం
అందరూ చదవడం రాయడం చుట్టూనే తిరుగుతున్నారు, అల్లికను ఎవరూ పట్టించుకోలేదు! ఆ మాటకొస్తే నాకు పుస్తకాలు తిరిగి దొరికింది అల్లిక వల్లే. చేతులు దారం మీద, చెవులు శ్రవణ పుస్తకం మీద. ఒక శాలువా పూర్తయ్యేసరికి మూడు నవలలు అయ్యాయి. రెండు వ్యాపకాలకు ఒకే గంట, పోటీ ఎక్కడుంది?

చివరిపేజీ
వినడం చదవడం కాదు. అంటే కోపమొస్తుంది గానీ కాదు.

కొక్కెం
పదాలు అవే. కథ అదే. కన్నుల గుండా వస్తే చదవడం, చెవుల గుండా వస్తే కాదా? అక్షరాలు లేని రోజుల్లో కథలన్నీ చెవుల్లోనే బతికాయి.

చివరిపేజీ
కథను తక్కువ చేయడం లేదు. వింటున్నప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ అదే వాక్యం మీద కూర్చోవడం కుదరదు అంటున్నాను. వేగం చదివి వినిపించేవారిది, నాది కాదు. నాకు పుస్తకంలో ఇష్టమైందే ఆ ఆగడం.

నాలుగోవరస
చివరి పేజీ ముందు చదివేసే మనిషి ఆగడం గురించి చెబుతున్నారు, గమనించగలరు.

చివరిపేజీ
ముగింపు తెలిస్తేనే మధ్యలో నిశ్చింతగా ఆగగలను. ఇందులో వైరుధ్యం లేదు.

లెక్కలపద్దు
శ్రవణ పుస్తకాలు చదివే వేగం ఆంగ్లంలో నిమిషానికి 150 పదాల దగ్గర ఉంటుంది. అదే 75 వేల పదాల నవలకు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. కంటితో చదివితే ఐదు గంటల లోపు. కాబట్టి కొక్కెం గారు సమయం మిగుల్చుకోవడం లేదు, ఎలాగూ అల్లికకు ఖర్చయ్యే సమయంలో పుస్తకాన్ని దూరుస్తున్నారు. అది వేరే లాభం. కావాలంటే ఒకటిన్నర వేగంతో వినవచ్చు.

కొక్కెం
విన్నాను. తండ్రి చనిపోయిన సన్నివేశంలో కూతురు బస్సు తప్పిపోతున్నట్టు ఏడ్చింది. మళ్లీ ఆ పని చేయలేదు.

పుటమడత
కొక్కెం అక్కా, నేనూ ప్రయత్నించాను. మామూలు వరసలైతే పరవాలేదు, చేతులు వాటంతట అవే నడుస్తాయి. గళ్ల నమూనా వచ్చిందంటే కుట్లు లెక్కపెట్టాలి. "పధ్నాలుగు, పదిహేను..." అనుకుంటూ ఉంటే కథలో ఒక పెళ్లి జరిగిపోయింది. పెళ్లికొడుకు ఎవరో మూడు అధ్యాయాల దాకా తెలియలేదు.

కొక్కెం
గళ్ల నమూనాకు సంగీతమే. కథ వినాలంటే సాదా వరసలే. నేను రెండు పనులు ఎప్పుడూ సంచీలో ఉంచుకుంటాను, ఒకటి చెవులు ఖాళీగా ఉన్నప్పటికి, ఒకటి తల ఖాళీగా ఉన్నప్పటికి.

అట్టబొమ్మ
నేను ఒక పట్టిక వేసుకున్నాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, పావుగంటకొకటి చొప్పున చదవడం, బొమ్మలు, గిటారు, డైరీ, మళ్లీ చదవడం... మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు నుంచి ఏది చేస్తున్నా రెండోదే గుర్తొచ్చేది.

నిశాచరి
అలాగే అవుతుంది అట్టబొమ్మా. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే రాసింది. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే ధ్యాసలో కొంత మొదటి పని దగ్గరే చిక్కుకుని ఉండిపోతుందట, దానివల్ల రెండోది కూడా పలచబడుతుంది. పావుగంటకు ఒకసారి మారితే నీ దగ్గర మిగిలేవన్నీ ముక్కలే. నేను రోజులు పంచుకుంటాను, గంటలు కాదు. మంగళ, గురువారాలు రాయడం. శనివారం కుట్టుపని. మిగతా రాత్రులన్నీ చదవడానికి. ఆ రోజు పని చేయలేకపోతే పోయినట్టే, మర్నాటికి బాకీ పెట్టను.

అట్టబొమ్మ
బాకీ పెట్టకపోవడమే నాకు రాదు. నా పట్టికలో ఇప్పటికి పదకొండు గంటల గిటారు బాకీ ఉంది.

అపస్వరం
పక్కింటివాళ్ల తరఫున, ఆ బాకీ రద్దు చేయమని మనవి.

మూడుమొక్కలు
ఈ చర్చ నిన్న రాత్రి చదివి, పొద్దున నీళ్లు పోస్తూ ఆలోచించాను. వ్యాపకాలను మనం ఇష్టాన్ని బట్టి వరస పెడుతున్నాం. నేను వేరేగా పెడతాను: ఏది ఎంతకాలం ఎదురుచూస్తుంది?

మొక్క ఎదురుచూడదు. మూడు రోజులు మరిచిపోతే నా పేరుకు తగ్గట్టు రెండు మొక్కలే మిగులుతాయి. వయొలిన్ ఓ రెండు రోజులు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత వేళ్లు అలుగుతాయి (అపస్వరం గారు చెప్పాలి). అల్లిక నెలలు ఆగుతుంది, ఏ వరసలో ఉన్నామో చీటీ రాసి పెట్టుకుంటే చాలు. పుస్తకం ముప్ఫై ఏళ్లైనా ఆగుతుంది, ఒక్క మాట అనదు. అందుకే ప్రతిసారీ వెనక్కి జరిగేది అదే. నోరులేనిది.

మరి బ్లాగు? నిజానికి అదీ పుస్తకమంత ఓపికైనదే. ఒక నెల రాయకపోతే ఏ వేరూ ఎండదు. కానీ మొక్కలాగా రోజూ నీళ్లు అడుగుతున్నట్టు మనల్ని నమ్మిస్తుంది. పుటమడత గారు దానికి నీళ్లు పోస్తున్నారు, ఎండుతున్నది పక్క కుండీ.

నాలుగోవరస
నేను జోకు వేద్దామని వచ్చాను. వేయను.

పాతపెన్ను
మూడుమొక్కలు చెప్పినదానికి ఒక్క సవరణ. పుస్తకం ఎదురుచూస్తుంది, పాఠకుడు ఆగడు. ఇరవై ఏళ్లప్పుడు చదవాల్సిన కొన్నింటిని యాభైకి పట్టుకున్నాను. అవి అక్కడే ఉన్నాయి, నేను లేను.

కొక్కెం
పెద్దాయన రాత్రి నిద్ర చెడగొట్టడానికే వస్తారు.

లెక్కలపద్దు
కొని చదవకుండా పేర్చుకునే పుస్తకాలకు జపాను భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, "త్సుందోకు" అని. నా దగ్గర 143. ఏడాదికి ఇరవై నాలుగు చొప్పున దాదాపు ఆరేళ్లు, కొత్తవి కొనకపోతే.

చివరిపేజీ
"కొనకపోతే" అన్న మాట చదివి ఈ వేదికంతా ఒక్కసారి నవ్వింది.

నిశాచరి
సగంలో వదిలేయడం నేర్చుకోండి, ఆరేళ్లు మూడేళ్లవుతాయి. అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే గ్రంథాలయ నిపుణురాలు ఒక సూత్రం చెప్పింది. యాభై పేజీలు చదివి చూడండి, నచ్చకపోతే పక్కన పెట్టేయండి. మీకు యాభై ఏళ్లు దాటితే వందలోంచి మీ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చాలు. నూరేళ్లు నిండితే అట్ట చూసి తీర్పు చెప్పే హక్కు వస్తుందని కూడా ఆవిడే అంది.

పాతపెన్ను
నాకు ఇరవై తొమ్మిది పేజీలు. ఇంత తక్కువకు వచ్చానా?

పుటమడత
సగంలో వదిలేస్తే వాటి గురించి రాయలేను కదా... అని వేళ్లు టైపు చేసేశాక చూసుకున్నాను. చెరపడం లేదు, అందరూ చూడండి నా జబ్బు ఎంత ముదిరిందో.

మౌనపాఠకుడు
ఈ వేదికను ఎనిమిదేళ్లుగా చదువుతున్నాను. ఇదే నా మొదటి మాట.

నేను చదువుతాను, అంతే. వేరే వ్యాపకం లేదు, రాయడం అసలే లేదు. అందువల్ల పుటమడత గారి ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉండే అవకాశం తక్కువ. కానీ రెండు విషయాలు చెప్పాలనిపించింది.

ఫ్రెంచి రచయిత డానియెల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులున్నాయని రాశాడు. మొదటిది చదవకుండా ఉండే హక్కు. పేజీలు దాటేసే హక్కు, పూర్తిచేయకుండా వదిలేసే హక్కు, ఎక్కడైనా చదివే హక్కు, ఇలా ఉంటాయి. నిశాచరి గారి సూత్రం మూడో హక్కు కిందకు వస్తుంది. అందరూ మొదటి మూడింటినే చెప్పుకుంటారు. నాకు ఇష్టమైంది పదోది. చదివినదాని గురించి ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కు.

రెండో విషయం. పుటమడత గారి బ్లాగు నేను మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక్కసారి కూడా వ్యాఖ్య రాయలేదు. మొదట్లో మీ టపాలు పది పన్నెండు వాక్యాలుండేవి. ఫొటో ఉండేది కాదు. ఒకసారి ఒక కథల సంపుటి గురించి రాస్తూ, ఆరో కథ గురించి "దీన్ని ఇంకా అర్థం చేసుకోలేదు, మళ్లీ చదివాక చెబుతాను" అని వదిలేశారు. ఆ ఒక్క మాట కోసం నేను ఆ పుస్తకం వెతికి పట్టుకున్నాను. ఇప్పటి టపాలు పొడవుగా, అందంగా ఉంటాయి. వాటిని చదివాక ఆ పుస్తకం చదవక్కర్లేదనిపిస్తుంది. ఇది పొగడ్త కాదు, క్షమించాలి.

నాలుగోవరస
ఎనిమిదేళ్లు కాపాడుకున్న పదో హక్కును ఇవాళ ఒక్క పోస్టుతో ఖర్చు చేసేశారు. స్వాగతం.

అపస్వరం
పుటమడత గారూ, ఇంతకీ ఆరో కథ అర్థమైందా?

పుటమడత
లేదు. మళ్లీ చదవనే లేదు. చదువుతానని రాశానన్న సంగతే మర్చిపోయాను.

కొంచెం సమయం ఇవ్వండి.

అట్టబొమ్మ
పది రోజులైంది. పుటమడత గారు కనిపించడం లేదు. ఎవరైనా ఏమైనా అన్నారా?

కొక్కెం
చదువుకుంటోందేమో, కదిలించకు.

లెక్కలపద్దు
బ్లాగులో కూడా రెండు వారాలుగా ఏమీ లేదు. నేను చూస్తూనే ఉన్నాను. పదిహేను నిమిషాలకొకసారి కాదు.

పుటమడత
ఉన్నాను. చెప్పడానికి వచ్చాను, ఇది విజయగాథ అనుకుని మాత్రం చదవకండి.

ఒక పుస్తకం తీసుకున్నాను. పెన్సిలు వేరే గదిలో పెట్టాను (పాతపెన్ను గారు పుస్తకాన్ని పెట్టమన్నారు, నేను తిరగేశాను). దీని గురించి రాయను అని ముందే ఒట్టు పెట్టుకున్నాను. మొదటి రోజు నరకం. పేజీకొక వాక్యం తలలో తయారై తలుపు కొడుతోంది. అరవయ్యో పేజీలో ఎంత మంచి వాక్యం వచ్చిందంటే, లేచి కాగితం కోసం వెళ్లాను. సగం దారిలో ఆగి వెనక్కి వచ్చాను. ఇప్పుడు ఆ వాక్యం ఏమిటో గుర్తు లేదు. కొంచెం బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు?

మూడో రోజుకో నాలుగో రోజుకో ఆ తలుపు చప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఎప్పుడో ఒక చోట నేను టపా గురించి కాకుండా ఆ మనుషుల గురించే ఆలోచిస్తున్నానని తెలిసింది, తెలియగానే మళ్లీ చెడింది, ఎందుకంటే "ఇదిగో, ఇది రాయదగిన అనుభవం" అనిపించింది! ఇలా పడుతూ లేస్తూ పూర్తిచేశాను. పన్నెండు రోజులు పట్టింది.

ఇక నష్టాలు. టపాలు రెండు తప్పాయి. ఒంట్లో బాగాలేదా అని ముగ్గురు అడిగారు. మొదట ఇబ్బందిగా అనిపించింది, తర్వాత మూడంటే మూడే అని కూడా అనిపించింది. శాలువా గళ్ల వరసలో చీటీ పెట్టకుండా వదిలేశాను, విప్పి మళ్లీ అల్లాలి, మూడుమొక్కలు గారు ముందే హెచ్చరించారు. కెమెరా ముట్టుకోలేదు, బెంగ కూడా లేదు. కాబట్టి ఏది పోవాలో తెలిసినట్టే.

బ్లాగు ఆపను. వారానికొకటి అన్న నియమం తీసేస్తున్నాను. కుదిరినప్పుడు పది పన్నెండు వాక్యాలు, పుస్తకం మూసేసి. కొన్ని పుస్తకాల గురించి అసలు రాయను. ఎన్నింటి గురించి అన్నది మౌనపాఠకుడు గారు అడగకపోయినా లెక్కలపద్దు గారు అడుగుతారు: తెలియదు.

పాతపెన్ను
పెన్సిలును పంపేసి పుస్తకాన్ని ఉంచుకున్నావా. ఇది నాకు తట్టలేదు.

అపస్వరం
నిన్న ఆదివారం. వీడియో పెట్టలేదు. వంకర పోయే చోటే గంటసేపు వాయించాను. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు, కాబట్టి బాగానే సాగిందనుకుంటున్నాను.

చివరిపేజీ
మరి ఆరో కథ?

పుటమడత
మళ్లీ చదివాను. ఇంకా అర్థం కాలేదు. ఈసారి హాయిగా ఉంది.

నాలుగోవరస
ఇదంతా బాగుంది. ఇంతకీ ఆ పన్నెండు రోజుల పుస్తకం ఏది?

పుటమడత
చెప్పను.

లెక్కలపద్దు
పోనీ ఎన్ని పేజీలు?

పుటమడత
ఊహూఁ.

అట్టబొమ్మ
ఒక్క చిన్న ఆనవాలు. ఎవరికీ చెప్పను.

పుటమడత
వేదిక మీద అడిగి ఎవరికీ చెప్పనంటావా? సరే, ఒక్కటి. చివర్లో ఒకతను తాళంచెవి తిరిగి ఇచ్చేస్తాడు. అంతకుమించి అడగవద్దు.

చివరిపేజీ
చివర్లో ఏమవుతుందో చెప్పి పుస్తకం పేరు దాచడం! నాకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు.

మౌనపాఠకుడు
తాళంచెవి అనగానే తెలిసిపోయింది. నేనూ చెప్పను.